పదకొండో విల్లా కిటికీలో తెల్ల చామంతులు

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన ఏడాది, నవంబరు రెండో వారంలో, నన్ను ఒమన్‌లో మస్కట్ పక్కనున్న సీబ్‌లోని ఒక విల్లా కాంపౌండుకు ల్యాండ్‌స్కేప్ సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి మా కంపెనీలో నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. అంతకుముందు ఆరేళ్లు రోడ్డు మధ్య డివైడర్ల మీద మొక్కలు చూసే విభాగంలో ఉన్నాను. అక్కడ మొక్క ఎండితే మేనేజరు అరుస్తాడు, అంతే. కిటికీ తెరిచి దాని మొహం చూసేవాళ్లెవరూ ఉండరు. విల్లాల పని అలాంటిది కాదని వెళ్లాక తెలిసింది.

కాంపౌండులో రెండు వరుసల్లో పద్దెనిమిది విల్లాలు. ఒక విదేశీ సంస్థ తన ఇంజినీర్ల కుటుంబాల కోసం అద్దెకు తీసుకుంది. ఫ్రాన్సు వాళ్లు, ఇంగ్లండు వాళ్లు ఎక్కువ. మనవాళ్లు రెండు కుటుంబాలు. ప్రతి విల్లాకూ ముందువైపు రెండు కిటికీలు, ఒక్కో కిటికీ కింద గోడకు బిగించిన పొడుగాటి పూల పెట్టె. గేటు దగ్గర నాలుగు పెద్ద కుండీలు. వీటన్నింటినీ ఏడాది పొడుగునా చూసుకోవడం, డిసెంబరులో క్రిస్మస్‌కు అలంకరించడం మా కాంట్రాక్టులో భాగం.

మా శాఖలో హోదాలు ఇలా ఉంటాయి. అందరికంటే కింద మాలీ, అతని పైన సూపర్‌వైజరు, ఆ పైన ప్రాజెక్ట్ మేనేజరు. మొక్కను చేత్తో పట్టుకునేది మాలీ ఒక్కడే. మిగతా మేమంతా కాగితం మీద పట్టుకుంటాం.

ఆ కాంపౌండు మాలీ పేరు గంగన్న. జగిత్యాల దగ్గరి పల్లె. యాభై దాటాడు, ఒమన్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాడు. మబేలాలో కంపెనీ రూమ్‌లో ఉండి రోజూ వ్యానులో డ్యూటీకి వచ్చేవాడు. మాట తక్కువ. కుండీలో వేలు రెండు కణుపుల దాకా దించి తడి చూసి, అప్పుడు నీళ్లు పోసేవాడు. వేళ్లు నానితే చచ్చే మొక్కలే ఎక్కువన్నది అతని లెక్క, అది సరైన లెక్కే. వచ్చిన వారంలోనే ఒక్క సంగతి మాత్రం నాకు చెప్పాడు. చిన్న కూతురు నర్సింగు చదువుతోంది, ఇంకా రెండేళ్ల చదువుంది. జనవరిలో తన వీసా రెన్యువల్‌కు వస్తుంది. ఆ రెండేళ్లు దొరికితే బిడ్డ చదువు ఒడ్డెక్కుతుంది, తరువాత తనే వెళ్లిపోతాడు. "ఇంకేం అక్కెర లేదు సారూ, గంతే" అన్నాడు. పనిమంతుడివి, నీకు రాకపోతే ఎవరికొస్తుందని నేను భరోసా ఇచ్చాను.

నా గురించి కూడా చెప్పాలి. నేను కడియం వైపు నర్సరీల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. వ్యవసాయ డిప్లొమా చదివాను. మొక్కల సంగతి నాకొకరు చెప్పేదేమిటన్న పొగరు ఉండేది. దానికి తోడు నోటి దురుసు, తొందర. ఒక వరుసలో ఒక మొక్క అటూ ఇటూ ఉన్నా నాకు కంట్లో నలుసు పడ్డట్టుండేది.

ఒమన్‌లో మొక్కలకు డిసెంబరే వసంతం. ఎండ మెత్తబడుతుంది, పెటూనియాలు పూస్తాయి. క్రిస్మస్ పెట్టె నింపడానికి ఒక పద్ధతి ఉంది. మధ్యలో నిటారుగా నిలిచేది ఒకటి, మేం చిన్న క్రిస్మస్ చెట్టులా ఉండే తూజా మొక్క పెట్టేవాళ్లం. దాని చుట్టూ నిండుగా కనిపించేది ఒకటి. పెట్టె అంచు మీదుగా కిందికి జారేది మరొకటి. గోడ మీద బరువు పడకుండా మట్టికి బదులు కొబ్బరి పొట్టు వాడతాం. అంతా నాటాక ఎర్ర రిబ్బను, పైన్ కాయలు, సన్న దీపాల తీగ.

చుట్టూ నిండుగా ఉండాల్సింది పాయిన్‌సెట్టియా. ఎర్రగా కనిపించేవి పూలు కావు, పై ఆకులే అలా రంగు తిరుగుతాయి. క్రిస్మస్ అంటే ఆ మొక్కే అన్నట్టు అందరూ అదే అడుగుతారు. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ మహా సుకుమారం. కొమ్మ తగిలితే పుటుక్కుమని విరిగి పాలు కారుతుంది. గాలి తగిలితే ఆకు వాడిపోతుంది. అందుకే ఒక్కో మొక్కకు కాగితపు తొడుగు వేసి, మూసిన బండిలో తేవాలి. మా నర్సరీ సహం అనే ఊరి దగ్గర తోటలో ఉండేది. డిసెంబరు పద్దెనిమిదిన మూసిన బండి రిపేరుకు వెళ్లిందని అక్కడివాళ్లు తెరిచిన పికప్‌లో వేసి పంపారు. తొడుగులు కూడా సగం మొక్కలకు లేవు. రెండు గంటలు హైవే గాలి తిన్నాయి. దించేసరికి సగానికి పైగా మొక్కలు తలలు వేలాడేశాయి.

ఇరవయ్యో తారీకు సాయంత్రం కాంపౌండులో పిల్లల పాటల కార్యక్రమం. ఆ పొద్దుటికి అలంకరణ పూర్తి కావాలి. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. తోటకు ఫోన్ చేస్తే తెల్ల చామంతి కుండీలున్నాయన్నారు. మస్కట్ హోటల్లో ఏదో పెళ్లికని పెంచారట, సగం మిగిలిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. పూర్తిగా విచ్చి, బంతిలా గుండ్రంగా, ఆకు కనపడకుండా పూసిన చామంతులు. ఎర్ర రిబ్బను పక్కన తెలుపు ఎంత బాగుంటుంది! పంపించమన్నాను.

ఒప్పుకున్న మొక్కకు బదులు వేరేది నాటాలంటే క్లయింటు సంతకంతో అనుమతి పత్రం తీసుకోవాలని మా నియమం. ఒక పేజీ కాగితం. కాంపౌండు ఆఫీసులో ఇస్తే వాళ్లు విల్లాలకు పంపి, ఒక రోజులో తిరిగి ఇస్తారు. ఆ ఒక్క రోజు నా దగ్గర లేదనుకున్నాను. పైగా ఎవరు కాదంటారనుకున్నాను.

పంతొమ్మిదో తారీకు ఉదయం చామంతులు దిగాక గంగన్న వాటిని చూసి అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "సారూ, గీ తెల్లపూలు పెట్టేముందట పదకొండో విల్లా మేడమ్‌ను ఒక్కపారి అడుగుదమా?" అన్నాడు.

ఎందుకన్నాను.

"ఏమో సారూ. అడుగుతె మంచిదనిపిస్తున్నది."

"ఏవిటయ్యా అడిగేది? చామంతి వద్దనేవాళ్లు లోకంలో ఉన్నారా? చామంతి లేకుండా ఒక్క శుభకార్యం జరుగుతుందా మనకి? పోయి పని చూడు" అని కసిరాను. అతను ఇంకేదో చెప్పబోయి ఆగి, మట్టి మోసే గమేళా అందుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడ మన అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. మా గోదావరి వైపు పెళ్లికూతురి జడలోనూ చామంతే, గుమ్మానికీ చామంతే, పోయినవాళ్ల మీద వేసే దండా చామంతే. ఒకే బుట్టలోని పూలు రెండిళ్లకూ వెళ్తాయి. ఎవరూ తప్పు పట్టరు, ఎవరికీ గుర్తు కూడా రాదు. కొన్ని దేశాల్లో అలా కాదని, ఫలానా పువ్వు సమాధికి తప్ప ఇంటికి తేరని నాకు తెలియదు. తెలుసుకోవడానికే ఆ కాగితం ఉంది. దాన్నే నేను పక్కన పడేశాను.

మొదటి వరుస తొమ్మిది విల్లాలకూ గేటు కుండీలకూ మిగిలిన మంచి పాయిన్‌సెట్టియాలు సరిపోయాయి. రెండో వరుసకు చామంతులు. సాయంత్రం తనిఖీకి వెళ్తే రెండో వరుసలో ఎనిమిది విల్లాలకు తెలుపు, మధ్యలో పదకొండో విల్లాకు మాత్రం ఎరుపు. గంగన్న గేటు కుండీల్లోంచి ఆరు మంచి మొక్కలు తీసి, తనంతట తనే అక్కడ పెట్టేశాడు. గేటు కుండీల్లో ఆ ఖాళీలు కనపడకుండా పెటూనియాలు సర్దాడు.

నాకు మండింది. వరుస పాడైంది. ఒక వరుసలో ఒకే పువ్వు ఉండాలని, నువ్వేమన్నా డిజైనర్‌వా అని అందరి ముందూ అరిచాను. తీసి మార్చమన్నాను. గంగన్న ఒక్క నిమిషం ఆ కిటికీ వంకే చూశాడు. "గీ ఒక్కటి ఉండనియ్యుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుత" అన్నాడు. పదహారేళ్ల సర్వీసున్న మనిషి ఆరు మొక్కల కోసం కాళ్లు మొక్కుతానంటే, ఎందుకు అని అడగాలి కదా! నేను అడగలేదు. నా ఎదుటే మార్చమని నిలబడ్డాను. అతను మోకాళ్ల మీద కూర్చుని ఎర్ర మొక్కలు తీసి, తెల్లవి నాటాడు. నాటాక రిబ్బను కట్టి, రాలిన రేకులు కూడా ఏరాడు.

మర్నాడు పొద్దున్నే కాంపౌండు ఆఫీసు నుంచి ఫోను. వెళ్లేసరికి పదకొండో విల్లా ముందు పెట్టెలు రెండూ ఊడదీసి నేల మీద పడేసి ఉన్నాయి. ఆ ఇంటాయన, ఫ్రెంచి ఇంజినీరు, ఆ పెట్టెలను చూపిస్తూ మాట్లాడుతున్నాడు. తమ దేశంలో నవంబరు మొదట్లో సమాధుల మీద పెట్టే పూలు ఇవేనని, వీటిని ఇంటి కిటికీలో పెడతారా అని అడిగాడు. భార్య కిటికీ తెరిచి చూసి, తలుపు వేసుకుని బయటికి రావడం లేదన్నాడు. ఇది చేసినవాడు మళ్లీ తన కంట పడకూడదన్నాడు. పదో విల్లాలోని బెంగాలీ కుటుంబం అదే సమయంలో తమ కిటికీ ముందు నిలబడి, పూలు బాగున్నాయని ఫోటోలు తీసుకుంటోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నానికల్లా వరుస మొత్తం చామంతులు తీసేసి పెటూనియాలు పెట్టించాను. సాయంత్రం పిల్లల పాటలు జరిగాయి. పదకొండో విల్లాలో దీపాలు వెలగలేదు.

ఆ మర్నాడు మేనేజరు నన్ను పిలిచి సంఘటన నివేదిక రాయమన్నాడు. అదొక అచ్చు కాగితం. ఏం జరిగింది, మొక్కను నిర్ణయించినది ఎవరు, అనుమతి తీసుకున్నారా, దిద్దుబాటు ఏమిటి అని గళ్లుంటాయి. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఈ వయసులో రికార్డు మీద మచ్చ పడితే ముందే ఇంటికి పంపిస్తారన్న భయం పట్టుకుంది. దానికి ఇంకే పేరూ పెట్టను, భయమే. రెండో గడిలో నేను రాసింది ఇది: అందుబాటులో ఉన్న మొక్కలతో మాలీ పెట్టెలు నింపాడు, క్లయింటు అనుమతి తీసుకోలేదు. ఇందులో ఒక్క అబద్ధపు మాట లేదు. నా పేరు లేదు, అంతే.

కింద మాలీ సంతకం కావాలి. కాగితం ఇంగ్లీషులో ఉంది, గంగన్నకు ఆ భాష చదవడం రాదు. "ఏం రాసిన్రు సారూ దీంట్ల?" అని అడిగాడు. జరిగిందే రాశానన్నాను. "మీరు రాసిన్రంటె సరిగ్గనే ఉంటది" అని తెలుగులో సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టి ఇచ్చాడు.

జనవరిలో మందూబ్ వచ్చాడు. కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల్లో వీసా కాగితాలు తిప్పే మనిషిని అక్కడ అలా అంటారు. అతని జాబితాలో గంగన్న పేరు రెన్యువల్ వైపు లేదు, క్యాన్సిల్ వైపు ఉంది. మేనేజరును అడిగాను. ఫైలులో ఫిర్యాదు ఉందన్నాడు, క్లయింటు ఈ మాలీ వద్దని ప్రత్యేకంగా రాశాడన్నాడు. అప్పుడైనా, ఆ తప్పు నాదని చెప్పడానికి నోరు రావాలి. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

గంగన్నను విమానం ఎక్కించే రోజు మబేలా రూమ్‌కు వెళ్లాను. పెట్టె కట్టుకుని కూర్చున్నాడు. కొమ్మల కత్తెర నూనె రాసి, గుడ్డలో చుట్టి నాకప్పగించాడు. కూతురి చదువేం చేస్తావంటే, "ఏం జేస్త సారూ, ఇంటికి పోయినంక చూడాలె" అన్నాడు. ఏదో అడగబోయి నా మొహం చూసి ఊరుకున్నట్టనిపించింది. నేను తిడతాననుకున్నాడేమో.

ఫిబ్రవరి రెండో వారంలో పదకొండో విల్లా మేడమ్ మా సైటు ఆఫీసుకు వచ్చింది. డిసెంబరు ఆఖర్లోనే ఫ్రాన్సు వెళ్లి, అప్పుడే తిరిగొచ్చింది. సన్నగా, జబ్బుపడి లేచిన మనిషిలా ఉంది. గంగన్న ఎక్కడని అడిగింది. పంపించేశామన్నాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. తరువాత నెమ్మదిగా చెప్పింది.

ఆగస్టులో ఆమెకు నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టి, నాలుగు రోజులు బతికి పోయింది. మస్కట్‌లో క్రైస్తవుల శ్మశానంలో పాతిపెట్టారు. నవంబరు ఒకటిన సమాధి మీద పెట్టడానికి తెల్ల చామంతి కుండీలు కొన్నది. భర్త సైటులో ఉన్నాడు. మోయడానికి గంగన్నను కారులో తీసుకెళ్లింది. కాంపౌండులో ఎవరికీ ఈ సంగతి చెప్పొద్దని, జాలి చూపులు భరించలేనని అతని దగ్గర మాట తీసుకుంది. ఆ పూలు వాడిపోయాక గంగన్న అక్కడ ఒక బిళ్ళగన్నేరు నాటాడు. ప్రతి శుక్రవారం సెలవు రోజున మబేలా నుంచి బస్సులో వెళ్లి నీళ్లు పోసి వచ్చేవాడు. ఆమె అడగలేదు. మొన్న వెళ్తే మొక్క ఎండిపోయి ఉందట.

"ఆ పూలు నన్ను ఎక్కువ బాధపెట్టలేదు. తెలియనివాళ్లు పెట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని" అని ఇంగ్లీషులో అన్నది. అన్నీ తెలిసి, తనతో కలిసి మోసినవాడే వాటిని తెచ్చి తన కిటికీలో పెట్టడం ఆమె భరించలేకపోయింది. మర్నాడు గంగన్న తలుపు కొట్టి, తప్పయింది మేడమ్ అన్నాడట. ఎందుకు చేశావంటే తల వంచుకున్నాడట. భర్త ఫిర్యాదులో అతని పేరు రాసింది అందుకే. ఇప్పుడు కోపం తగ్గింది, మాట్లాడదామని వచ్చింది.

ఆమెకు నిజం చెప్పాను. అడుగుదామని అతనన్నాడని, ఎర్ర మొక్కలు పెట్టాడని, నేను దగ్గరుండి తీయించానని. ఆమె చేతిసంచీ తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగి, "అయితే అతను నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు" అని వెళ్లిపోయింది.

ఆ రోజే కొత్త నివేదిక రాసి మేనేజరుకు ఇచ్చాను. గంగన్నను వెనక్కి పిలవమని మేడమ్ కూడా ఉత్తరం రాసింది. మేనేజరు రెండూ చదివి, వీసా క్యాన్సిలైపోయిందన్నాడు. మళ్లీ తేవాలంటే కొత్త వీసా కావాలి, యాభై దాటిన మాలీకి కంపెనీ కొత్త వీసా తీయదు. నాకు ఒక హెచ్చరిక పత్రం ఇచ్చారు. అంతే. నేను భయపడ్డదేదీ జరగలేదు.

గంగన్నకు ఫోన్ చేయడానికి మొహం చెల్లక ఏప్రిల్ దాకా ఆగాను. చేసి, నివేదికలో ఏం రాశానో అంతా చెప్పాను. అప్పుడు, "పోనీయుండ్రి సారూ, అయిపోయినదానికి ఏం జేస్తం" అన్నాడు. కూతురు చదువు ఆపేసిందట, జగిత్యాలలో బట్టల షాపులో పనికి పోతోందట. "మంచిగనే చదివేది" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఏడ్చాను, అతనికి వినపడే ఉంటుంది. తరువాత, "పాపకాడ పువ్వుచెట్టు ఎట్లున్నది సారూ?" అని అడిగాడు. కొత్తది నాటానని, శుక్రవారాలు వెళ్తున్నానని చెప్పాను. "నీళ్లు ఎక్కువ పొయ్యకుండ్రి, అది మురిగిపోతది. వేలు పెట్టి చూసి పొయ్యుండ్రి" అన్నాడు.

పదవీ విరమణ దాకా అలాగే వేలు పెట్టి చూసి పోశాను. వచ్చేటప్పుడు ఆ పని కొత్త మాలీకి చెప్పి, మేడమ్‌కూ చెప్పి వచ్చాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగితే చెప్పేది ఇంతే. బదులుగా పెట్టే మొక్క ఎంత మంచిదనిపించినా, అనుమతి కాగితం లేకుండా నాటకూడదు. ఒకసారి అడుగుదామని మాలీ అంటే, అతను కారణం చెప్పలేకపోయినా అడగాలి. నిర్ణయించినది ఎవరు అన్న గడిలో నిర్ణయించినవాడి పేరే రాయాలి, అదీ ఆ రోజే రాయాలి. ఆ గడిలో నా పేరున్న కాగితం ఏడు వారాలు ఆలస్యంగా గంగన్న ఫైలులో చేరింది. అప్పటికే అది మూసేసిన ఫైలు. దాన్ని తెరవాల్సిన పని ఆ తరువాత ఎవరికీ పడలేదు.